1960–63 నంబర్ వన్ ఇంగ్లీషు పాటలు: ఇంట్లో పెద్దవాళ్లు కూడా కూర్చుని వినేలా లిస్టు కట్టుకోవడం ఎలా

పాత ఇంగ్లీషు పాటలు పెడతానంటే మన ఇళ్లల్లో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి "అవన్నీ అరుపులు", రెండోది "మాటలు అర్థం కావు". 1960 నుంచి 1963 దాకా అమెరికాలో ఒకటో స్థానానికి ఎక్కిన పాటల విషయంలో ఈ రెండూ చెల్లవు. వాటిలో చాలావరకు మెత్తగా, స్పష్టంగా పాడినవే, కొన్నిటికి అసలు మాటలే లేవు, ఒకటి జపనీస్‌లో ఉంది, ఇంకోటి ఫ్రెంచ్‌లో ఉంది. ఘంటసాల, సుశీల, మన కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్, వీళ్ల పాటలు వింటూ పెరిగిన చెవికి ఇవి పరాయిగా ఏమీ ఉండవండి, కాకపోతే ఏది ముందు పెట్టాలి, ఏది అసలు పెట్టకూడదు అన్నది తెలియాలి. పండక్కో పెళ్లికో అందరూ ఊరు చేరినప్పుడు ఒక సాయంత్రానికి సరిపడా లిస్టు ఎలా కట్టాలో చెప్తాను.

ముందు నంబర్ వన్ అంటే ఎవరి లెక్కలో అన్నది తేల్చుకోండి. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 1958 ఆగస్టు 4న హాట్ 100 మొదలుపెట్టింది. రికార్డులు ఎన్ని అమ్ముడయ్యాయి, రేడియోలో ఎంత వేశారు అన్నవి కలిపి వారం వారం వంద పాటలకి ర్యాంకులు ఇచ్చేవాళ్లు. బ్రిటన్‌లో అప్పట్లో పత్రికకో పట్టిక ఉండేది, ఇప్పుడు అధికారికంగా లెక్కలోకి తీసుకునేది 1960 మార్చి నుంచి రికార్డ్ రిటైలర్ అనే పత్రిక వేసినది. అందుకే బీటిల్స్ పాడిన 'ప్లీజ్ ప్లీజ్ మీ' 1963లో ఒక పత్రికలో ఒకటి, ఇంకో పత్రికలో రెండు. దీని మీద నెట్‌లో జనం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు, మీకా టెన్షన్ అక్కర్లేదు. లిస్టంతా హాట్ 100 నుంచి తీసుకోండి, బ్రిటన్ నుంచి ఒకటో రెండో కలపండి, చాలు. ఇంట్లో డెబ్బై ఐదు దాటినవాళ్లు ఎవరైనా ఉంటే మాత్రం ర్యాంకుల సంగతి ఎత్తేటప్పుడు రేడియో సిలోన్‌లో హిందీ పాటలకి ర్యాంకులు ఇచ్చిన బినాకా గీత్‌మాలా పేరు చెప్పండి. బుధవారం రాత్రి ఎనిమిదింటి కబుర్లన్నీ బయటికొస్తాయి, ఆయన కుర్చీ మీ స్పీకర్ దగ్గరికి జరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. తేదీల వరసలో వేయకండి. వరసలో వేస్తే ఏమవుతుందో చూడండి: 1960 జనవరిలో మార్టీ రాబిన్స్ 'ఎల్ పాసో', ఆ వెంటనే జానీ ప్రెస్టన్ 'రన్నింగ్ బేర్', ఫిబ్రవరిలో మార్క్ డిన్నింగ్ 'టీన్ ఏంజెల్'. మొదటి దాంట్లో కౌబాయ్ తుపాకీ దెబ్బ తిని ప్రియురాలి ఒళ్లో పోతాడు, రెండో దాంట్లో ప్రేమికులిద్దరూ ఏట్లో మునిగిపోతారు, మూడో దాంట్లో అమ్మాయి రైలు కింద పడుతుంది. వరసగా మూడూ చావులే! పైగా మూడూ కథ చెప్పే పాటలు, మాట పట్టుకోకపోతే ఏమీ లేదు. మొదటి పాట సగంలోనే పిన్ని వంటింట్లోకి, బాబాయ్ ఫోన్లోకి వెళ్లిపోతారు, ఇక వాళ్లని వెనక్కి తీసుకురాలేరు.

ఆ మూడింటి తర్వాత వచ్చిన దానితో మొదలుపెట్టండి. పెర్సీ ఫెయిత్ ఆర్కెస్ట్రా వాయించిన 'థీమ్ ఫ్రమ్ ఎ సమ్మర్ ప్లేస్'. 1960లో తొమ్మిది వారాలు ఒకటో స్థానంలో కూర్చుంది, ఆ ఏడాది మొత్తానికీ అదే పెద్ద హిట్టు. మాటల్లేవు, వయొలిన్లు గుంపుగా ఒకే రాగం తీస్తుంటాయి, కింద పియానో ఒక్కో దెబ్బకి మూడేసి చొప్పున టిక్ టిక్ టిక్ అంటూ నడుస్తుంటుంది. ఇది ఎవరికీ అడ్డం రాదు. కాఫీలు పంచుతుండగా పెట్టేయొచ్చు.

దాని తర్వాత అకర్ బిల్క్ క్లారినెట్, 'స్ట్రేంజర్ ఆన్ ద షోర్'. 1962 మే నెలాఖర్లో అమెరికాలో ఒకటో స్థానానికి వెళ్లింది. సొంత దేశం బ్రిటన్‌లో రెండు దాటలేదు గానీ పట్టికలో ఏడాదికి పైగా, 55 వారాలు వేలాడింది. ఇది వేసేటప్పుడు ఎవరినీ మాట్లాడనివ్వకండి. మొదటి వాక్యం కింద మంద్రంలో తీస్తాడు, క్లారినెట్ రెల్లులోంచి ఊపిరి ఆడుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది, స్వరం చివర చిన్న వణుకు పెడతాడు. పెళ్లిళ్లలో బ్యాండుమేళం వాళ్ల దగ్గర క్లారినెట్ విన్న చెవులే మనవన్నీ, కానీ అక్కడ అది గొంతెత్తి మోగుతుంది. ఇక్కడ అదే వాద్యం గుసగుసలాడుతుంది.

మూడోది 'టెల్‌స్టార్'. దీనికి మాత్రం ముందు కొంచెం రంగం సిద్ధం చేయాలి. 1954లో వచ్చిన హిందీ 'నాగిన్' సినిమా నాగస్వరం ట్యూన్ తెలియని పెద్దవాళ్లు ఉండరు, పాములాట దగ్గర్నుంచి పెళ్లి ఊరేగింపు దాకా అదే కదా. అయితే అందులో వినిపించే బూర నిజానికి పాములవాడి బూర కాదు. క్లావియోలిన్ అనే చిన్న కరెంటు కీబోర్డు, వాయించింది కల్యాణ్‌జీ. ముందు అది ఒక నిమిషం వినిపించి, వెంటనే టెల్‌స్టార్ వేయండి. లండన్ హాలోవే రోడ్డులో తోలు సామాన్ల కొట్టు మీది ఫ్లాటులో జో మీక్ అనే ఆయన ఇంట్లోనే స్టూడియో పెట్టుకుని రికార్డు చేసిన పాట, ఇందులో ముఖ్యమైన రాగం అదే క్లావియోలిన్ మీద నడుస్తుంది. టెల్‌స్టార్ అన్న ఉపగ్రహం 1962 జులై 10న ఎగిరింది, ఆ పేరే పాటకి పెట్టారు, అందుకే మొదట్లో రాకెట్టు లేస్తున్నట్టు ఒక గోల ఉంటుంది (స్పీకర్ పాడైందేమో అని ఎవరో ఒకరు లేస్తారు, కూర్చోబెట్టండి). డిసెంబరుకల్లా అమెరికాలో నంబర్ వన్, హాట్ 100లో ఆ చోటుకి ఎక్కిన మొదటి బ్రిటిష్ బృందం దీన్ని వాయించిన టోర్నడోస్. బీటిల్స్ కంటే ఏడాది ముందు. నాగిన్ వాద్యమే అంతరిక్షంలోకి వెళ్లిందని చెప్తే మావయ్యలు ఒకటికి రెండుసార్లు వేయమంటారు.

'కలకట్టా' అని ఇంకో ట్యూన్ ఉంది, లారెన్స్ వెల్క్ బృందం, 1961 ఫిబ్రవరిలో రెండు వారాలు నంబర్ వన్. జర్మనీ ట్యూన్, పేరులో తప్ప మన దేశం ఎక్కడా లేదు. పేరు చూసి ఆశపడి పెడతారని చెప్తున్నాను, నాకైతే బిస్కెట్ల ప్రకటనలా ఉంటుంది. వదిలేయండి.

వాద్యాల తర్వాత ఒక్కసారిగా ఇంగ్లీషులోకి దూకకండి. మధ్యలో జపనీస్ పాట పెట్టండి: క్యూ సకమోటో పాడిన 'సుకియాకి', 1963 జూన్‌లో మూడు వారాలు అమెరికా మొత్తానికీ మొదటి పాట. కన్నీళ్లు కింద పడకుండా తల పైకెత్తి నడుస్తున్నాననే మనిషి పాట అది, మధ్యలో ఈల వేస్తాడు. విన్న అమెరికా జనంలో ఎంతమందికి జపనీస్ వచ్చు చెప్పండి? మాట అర్థం కాకుండానే కొనుక్కున్నారు. ఈ సంగతి చెప్తే "మాకు ఇంగ్లీషు రాదు" అనే అత్తయ్యకి ఇక అడ్డు ఉండదు. ఫ్రెంచ్ పాట 'డొమినిక్', బెల్జియం సన్యాసిని గిటార్ పట్టుకుని పాడింది, 1963 డిసెంబరంతా పైనే ఉంది. మీది యానాం అయితే ఇది తప్పకుండా పెట్టండి. 1954లోనే పాలన చేతులు మారినా చట్టప్రకారం ఆ ఊరు మనదైంది 1962 ఆగస్టు 16న, అంటే ఈ పాట వచ్చే ముందు ఏడాదే. ఫ్రెంచ్ బడిలో చదివిన ముసలాయన ఎవరైనా మీ వీధిలో ఇంకా ఉంటే పిలిచి కూర్చోబెట్టుకోండి, పల్లవిని ఆయనే అందుకుంటారేమో చూడండి.

ఇప్పుడు గొంతులు. ఇక్కడి నుంచి ఒక ఇంగ్లీషు పాట, ఒక తెలుగు పాట, రెండూ ఒకే కాలానివి అయ్యేలా జత కట్టడం నా పద్ధతి. పోలిక పెట్టడానికి కాదు, చెవికి ఊపిరి తీసుకునే టైమివ్వడానికి. ఎల్విస్ 'ఆర్ యూ లోన్‌సమ్ టునైట్' 1960 నవంబరు చివరి నుంచి ఆరు వారాలు నంబర్ వన్, దాని పక్కన 1962 'ఆరాధన'లోని 'నా హృదయంలో నిదురించే చెలి' పెట్టండి. ఎల్విస్ పాటలో మధ్యలో పాడటం ఆపేసి మాటలు చెప్తాడు, ఏకపాత్రాభినయంలాగా. మన నాటకాల వాళ్లకి అది బాగా పడుతుంది. ఎల్విస్‌దే ఇంకోటి 'ఇట్స్ నౌ ఆర్ నెవర్'. ఆ ట్యూను ఇటలీలో నేపుల్స్ వాళ్ల పాత పాట 'ఓ సోలే మియో'. ఎక్కడో విన్నామే అంటారు, విన్నారు కాబట్టే అంటారు. రే చార్లెస్ 'జార్జియా ఆన్ మై మైండ్' (1960 నవంబరు) మాత్రం ఒంటరిగా పెట్టండి, దానికి జత నాకు దొరకలేదు.

నిడివి సంగతి కూడా చూసుకోవాలి. ఈ పాటలు రెండున్నర నిమిషాలవి. మారిస్ విలియమ్స్ బృందం పాడిన 'స్టే' అయితే ఒక నిమిషం ముప్ఫై ఆరు సెకన్లు, హాట్ 100లో నంబర్ వన్ అయినవాటిలో అంత పొట్టిది ఇంకోటి లేదు. 1961లో వచ్చిన మన 'జగదేకవీరుని కథ' తీసుకోండి. 'శివశంకరీ' పూర్తయ్యేలోపు అలాంటివి మూడు అయిపోతాయి. కాబట్టి జత కట్టేటప్పుడు పొడుగు తెలుగు పాటలు వద్దు. 'గుండమ్మ కథ' పాటలు సరిగ్గా సరిపోతాయి.

రాయ్ ఆర్బిసన్ 'రన్నింగ్ స్కేర్డ్' దగ్గర కాసేపు ఆగాలి. 1961 జూన్‌లో ఒకే ఒక్క వారం పైన ఉంది. దీనికి పల్లవి లేదు. మనవాళ్లు పల్లవి కోసం ఎదురుచూస్తారు, అది రానే రాదు. మొదట గిటారు ఒక్కటే, టక్ టకటక అని సైన్యం కవాతులాంటి తాళం, గొంతు దాదాపు మాట్లాడుతున్నట్టు. ఒక్కో చరణానికీ వెనక ఒక్కో వాద్యం చేరుతుంది, డ్రమ్ము గట్టిపడుతుంది, గొంతు మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. కథ ఏమిటంటే తన పిల్ల పాత ప్రియుడు వస్తే ఎవరితో వెళ్తుందోనని వణికిపోతున్నాడు. వాడు వచ్చాడు. ఆమె తిరిగి చూసింది. అప్పుడు చివరి మాట మీద ఆ స్వరం పైకి లేచి, దొంగగొంతు కాకుండా నిండు గొంతుతో నిలబడుతుంది, అంతే, పాట అయిపోయింది. రెండు నిమిషాల చిల్లర. పద్యం చివర రాగం తీస్తుంటే వన్స్‌మోర్ అరిచిన జిల్లాలవి మనవి, ఇక్కడ కూడా అరుస్తారు. కథ ముందే రెండు ముక్కల్లో చెప్పేయండి, చివర్లో ఏమవుతుందో మాత్రం చెప్పకండి. లిరిక్స్ ప్రింటు తీసి పంచడం అస్సలు వద్దు, అందరూ కాగితంలో తల పెడతారు, పాట వినరు.

ఆడపిల్లల బృందాలు లేకుండా ఈ కాలం లేదు. షిరెల్స్ పాడిన 'విల్ యూ లవ్ మీ టుమారో' 1961 జనవరి 30 నాటి పట్టికలో ఒకటో స్థానానికి వచ్చింది, నల్లజాతి అమ్మాయిల బృందం హాట్ 100లో అక్కడికి చేరడం అదే మొదలు. ట్యూన్ కట్టిన కరోల్ కింగ్‌కి అప్పటికి ఇరవై కూడా లేవు. ఆ ఏడాది డిసెంబరులో మార్వెలెట్స్ 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మ్యాన్', డెట్రాయిట్ మోటౌన్ కంపెనీకి ఈ పట్టికలో మొదటి నంబర్ వన్. ఉత్తరం కోసం పోస్ట్‌మ్యాన్‌ని బతిమాలే పాట, గల్ఫ్ ఉత్తరాల కోసం వీధరుగు మీద కూర్చున్న ఇళ్లు మన కోనసీమలో ఎన్ని లేవు, దీనికి వేరే వివరణ అక్కర్లేదు. ఇక 1962లో వచ్చిన 'హీ ఈజ్ ఎ రెబెల్' రికార్డు మీద పేరు క్రిస్టల్స్‌ది, పాడింది మాత్రం డార్లీన్ లవ్, ఆమె బ్లాసమ్స్ బృందం. అమెరికా వాళ్లు దీన్ని పెద్ద మోసంగా చెప్పుకుంటారు. ప్లేబ్యాక్ మధ్య పెరిగిన మనకి అంత ఆశ్చర్యంగా ఉండదు గానీ, మన దగ్గర కనీసం రికార్డు మీద అసలు పేరు వేస్తారు కదా. ఆ కోపం న్యాయమైనదే.

అదే వరసలో టోకెన్స్ 'ద లయన్ స్లీప్స్ టునైట్' పెట్టేటప్పుడు ఒక్క మాట చెప్పండి. 1961 డిసెంబరులో అది అమెరికాలో నంబర్ వన్. దాని మూలం దక్షిణాఫ్రికాలో సోలమన్ లిండా 1939లో రికార్డు చేసిన 'ఎంబూబే'. హక్కులు ఆయన దగ్గర పది షిల్లింగులకి పోయాయి. 1962లో పేదవాడిగానే చనిపోయాడు. వారసులకి ఒప్పందం ప్రకారం డబ్బు దక్కింది 2006లో.

'ద ట్విస్ట్' చివరికి దాచండి. ముందు పాడింది హ్యాంక్ బల్లార్డ్, పేరు తెచ్చుకుంది చబ్బీ చెకర్. 1960 సెప్టెంబరులో ఒకసారి, 1962 జనవరిలో మళ్లీ ఒకసారి ఒకటో స్థానం. మొదటిసారి కుర్రాళ్లు ఆడారు, రెండోసారి వాళ్ల అమ్మానాన్నలు మొదలెట్టారు, అందుకే వెనక్కి వచ్చింది. నడుం తిప్పితే చాలు, కాలు కదపక్కర్లేదు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు కుర్చీలో కూర్చుని కూడా చేయొచ్చు.

లిస్టు కుదిరాక డౌన్‌లోడ్ దగ్గర జాగ్రత్త. యాప్‌లలో పాత హిట్ల పేరుతో ఉన్నవాటిలో చాలా వరకు ఆ పాడినవాళ్లే ముసలితనంలో, వేరే కంపెనీకి మళ్లీ పాడి ఇచ్చినవి. ఫోటో అదే, పేరు అదే, సరుకు వేరు. పేరు పక్కన 'రీ-రికార్డెడ్' అని ఉంటే వదిలేయండి. లేకపోయినా నిడివి చూడండి, డెల్ షానన్ 'రన్‌అవే' రెండు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర ఉండాలి, మూడు దాటితే అనుమానించండి. డ్రమ్ములు మరీ శుభ్రంగా, ఉతికి ఆరేసినట్టు వినిపిస్తే అది అసలుది కాదు. మోనో, స్టీరియో రెండూ దొరికితే మోనో తీసుకోండి. ఆ రోజుల్లో జనం విన్నది రేడియోలో, సింగిల్ రికార్డుల మీద, కాబట్టి శ్రద్ధంతా మోనో మీదే పెట్టేవాళ్లు. స్టీరియోలో గొంతు ఒక చెవికి, వాద్యాలు ఇంకో చెవికి వెళ్లిపోయిన పాటలు చాలా ఉన్నాయి. భీమవరం బస్సులో బావా మీరూ ఒక ఇయర్‌ఫోన్ పంచుకున్నారనుకోండి, ఒకరికి పాట, ఇంకొకరికి తాళం. దీనికి మందు ఫోన్‌లోనే ఉంది, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి 'మోనో ఆడియో' ఆన్ చేస్తే రెండూ కలిసి వస్తాయి. లంక ఊళ్లలో సిగ్నల్ సంగతి తెలిసిందే, అన్నీ ముందే దింపి పెట్టుకోండి.

ఎక్కడ కూర్చోవాలంటే, మండువా ఇల్లయితే స్పీకర్ని మండువా మధ్యలో పెట్టకండి, శబ్దమంతా ఆకాశంలోకి పోతుంది. ఓ మూల గోడకి ఆనించి, వసారా వైపు తిప్పండి. పక్కన రొయ్యల చెరువులుంటే రాత్రి ఏరేటర్ల హోరులో క్లారినెట్ పాట మునిగిపోతుంది, కాబట్టి ఆ మెత్తటివన్నీ సాయంత్రం వెలుగుండగానే కానిచ్చేయండి, ట్విస్ట్‌లాంటివి హోరు మీద కూడా నిలబడతాయి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ బరుల దగ్గర డీజేలతో పోటీ పడలేం. ముక్కనుమ నాడు ఊరు కాస్త చల్లబడుతుంది, అది మంచి రోజు.

అటక మీద పాత రికార్డులేమైనా ఉంటే ఆ సాయంత్రానికే దింపండి, కానీ తెలియకుండా ప్లేయర్ మీద వేయకండి. మిగతా ప్రపంచం 45 స్పీడు రికార్డులకి మారిపోయినా కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటలు కూడా 78 స్పీడు రికార్డులుగా అచ్చయ్యాయి. వాటి కోసం విదేశీ సేకర్తలు ఇప్పటికీ వెతుకుతుంటారు, అందుకని పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేయకండి. 78లకి వేరే సూది కావాలి, ఎల్పీ సూది పెడితే గాడిలో అడుగున కూర్చుని బరబరమంటుంది. మన తేమకి బూజు పట్టి ఉంటుంది. స్పిరిట్, శానిటైజర్ తగలనివ్వొద్దు, 78లు లక్కతో చేసినవి, అవి తగిలితే కరిగిపోతాయి. ఇన్వర్టర్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తని గుడ్డ తడిపి, గాడుల వెంట గుండ్రంగా తుడిచి, మధ్య లేబుల్ తడవకుండా నీడలో నిలబెట్టి ఆరనివ్వండి.

మొత్తం పన్నెండు ఇంగ్లీషు పాటలు దాటనివ్వకండి. మధ్యలో తెలుగు పాటలూ, మావయ్యల కబుర్లూ కలిపి గంటన్నర పడుతుంది. మిగిలినవి రెండో లిస్టుకి ఉంచండి: పదమూడేళ్లకే నంబర్ వన్ అయిన స్టీవీ వండర్ స్టేజి మీద మౌతార్గాన్ వాయిస్తూ పాడిన 'ఫింగర్‌టిప్స్' పిల్లల కోసం, లక్నోలో పుట్టిన క్లిఫ్ రిచర్డ్ 'ద యంగ్ వన్స్' బ్రిటన్ కోటాలో. 1964 ఫిబ్రవరి 1 నాటి పట్టికలో బీటిల్స్ ఒకటో స్థానానికి వచ్చారు, మన దగ్గర అదే ఏడాది 'మూగమనసులు'లో 'గోదారి గట్టుంది' వచ్చింది. లిస్టు ఆ రెండింటి ముందే ఆపేయండి. బీటిల్స్ ఒక్క పాట కలిపినా ఇక అందరూ వాళ్లవే అడుగుతారు, మిగతా పాటలకి చోటుండదు. వాళ్లకి ఇంకో సాయంత్రం పెట్టుకోండి.